బస్సు కదిలాక పెద్దవాళ్ల దగ్గర ఎవరుంటారు?

అక్షయ తృతీయ దగ్గర పడుతోందంటే యాత్రల ప్రకటనలు మొదలవుతాయి. చార్‌ధామ్ 12 రోజులు, కాశీ–గయ–అయోధ్య 9 రోజులు, పంచ ద్వారకలు, ఉమ్రా ప్యాకేజీలు... పేపర్ మధ్యలో కరపత్రం, గుడి ముందు ఫ్లెక్సీ, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోస్టరు. దేంట్లో చూసినా పెద్ద అక్షరాల్లో ఉండేవి మూడే. ఎన్ని క్షేత్రాలు, ఎంత ధర, ‘మన తెలుగు వంట’.

ఆ రోజుల్లో ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో మాకు ఇంకో రకం రద్దీ ఉంటుంది. ‘యాత్రకు వెళ్తున్నాం సార్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాసివ్వండి’ అని వస్తారు. చేతిలో పాత రిపోర్టులుంటాయి. టూర్ కంపెనీ ఇచ్చిన ఫారం ఉంటుంది. డబ్బు కట్టిన రసీదు కూడా ఉంటుంది. లేనిది ఒక్కటే, ఏ రోజు ఎక్కడ పడుకుంటారో, అది ఎంత ఎత్తులో ఉందో, రోజుకు ఎన్ని గంటలు బస్సులో కూర్చుంటారో చెప్పే కాగితం. సంతకం పెట్టేముందు డాక్టరు చూడాల్సింది నిజానికి అదే.

పెద్దవాళ్ల కోసం టూర్ కంపెనీని వెతికేటప్పుడు మనం హోటల్ చూస్తాం, ఏసీ బస్సా కాదా అని చూస్తాం, ధర బేరం ఆడతాం. నన్నడిగితే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ‘నాలుగో రోజు రాత్రి మా అమ్మకు ఒంట్లో బాగోలేకపోతే, ఐదో రోజు పొద్దున బస్సు కదిలినప్పుడు ఆమె దగ్గర ఎవరు ఆగుతారు?’

దీనికి ‘అలాంటిదేం జరగదండీ, ఆ భగవంతుడే చూసుకుంటాడు’ అనే జవాబు వస్తే, ఆ కంపెనీ దగ్గర ఏర్పాటు లేదని అర్థం. భగవంతుడి మీద నమ్మకం యాత్రికుడికి ఉండాలి. డబ్బు తీసుకున్నవాడికి మాత్రం ఇంకో మనిషి ఉండాలి.

ఆగలేని కార్యక్రమమే అసలు ప్రమాదం

గ్రూపు యాత్ర ఎలా నడుస్తుందో గమనించండి. 45 మంది ప్రయాణికులు, ఒక మేనేజరు, ఇద్దరు వంటవాళ్లు, డ్రైవర్లు. తర్వాతి ఊళ్లో గదులు ముందే బుక్ అయి ఉంటాయి. దర్శనం టికెట్ల తేదీలు, రైలు టిక్కెట్లు కూడా అంతే. ఒక్కరి కోసం 44 మందిని ఆపే వీలు మేనేజరుకు లేదు. ఆయన కూడా కింద దిగి ఆగిపోలేడు. కాబట్టి జ్వరంతోనో ఆయాసంతోనో ఉన్న పెద్దాయనను వెనక సీట్లో పడుకోబెట్టి ‘రేపటికి సర్దుకుంటుంది’ అంటారు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అదే అంటారు, ఎవరూ చెడ్డవాళ్లు కాదు. పెద్దాయన కూడా అదే అంటాడు. తన వల్ల పదిమందికి ఇబ్బంది కలగడం ఆయనకు ఇష్టం ఉండదు.

మైదాన ప్రాంతంలో ఇలా ఒక రోజు నెట్టుకొస్తే చాలాసార్లు ఏమీ కాదు. కొండల మీద అలా కాదు. తర్వాతి రోజు కార్యక్రమం అంటే ఇంకా పైకి ఎక్కడం. తలనొప్పి, వికారం, ఆయాసం మొదలైన మనిషిని ఇంకా పైకి తీసుకెళ్లడం ఎత్తు ప్రదేశాల వైద్యంలో అన్నిటికన్నా పెద్ద తప్పు.

కేదార్‌నాథ్ ఆలయం 3,583 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే సుమారు 11,750 అడుగులు. మిగతా మూడు ధామాలూ 3,000 మీటర్లు దాటినవే. ఆ ఎత్తులో ఒక శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టంలో అందేదానిలో దాదాపు మూడింట రెండు వంతులు. విజయవాడలోనో రాజమండ్రిలోనో పుట్టి పెరిగి, 68 ఏళ్ల పాటు ఆ గాలికే అలవాటుపడిన గుండె, ఊపిరితిత్తులు కొన్ని గంటల్లో దీనికి సర్దుకోవు. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక ఎత్తు జబ్బు మొదలవుతుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకు ఒక రోజు ఆగాలని వైద్యశాస్త్రం చెబుతుంది. చార్‌ధామ్ దారిలో గుప్తకాశి సుమారు 1,300 మీటర్ల దగ్గర, గౌరీకుండ్ 2,000 మీటర్లకు కాస్త దిగువన ఉంటాయి. గుప్తకాశిలో రాత్రి పడుకుని, తెల్లారి గౌరీకుండ్ దాకా వాహనంలో వెళ్లి, అక్కడి నుంచి 16 కిలోమీటర్లు కొండ ఎక్కి, ఆ రాత్రి కేదార్‌నాథ్‌లో పడుకునే ప్యాకేజీలో ఒక్క రోజులో 2,200 మీటర్లకు పైగా పైకి పోతారు. ఆలోచించండి.

మరి కంపెనీలు మధ్యలో ఒక విశ్రాంతి రోజు ఎందుకు పెట్టవు? ఎందుకంటే దాన్ని అమ్మలేరు. ఆ రోజుకు గదులు, భోజనం, బస్సు అద్దె అన్నీ ఖర్చే. ప్రకటనలో మాత్రం ‘క్షేత్రాల సంఖ్య’ ఒక్కటి కూడా పెరగదు. పక్క కంపెనీ అదే యాత్రను 10 రోజుల్లో తక్కువ ధరకు ఇస్తే, 12 రోజులవాడు ఖరీదైనవాడిగా కనిపిస్తాడు. మనం ధరను క్షేత్రాలతో భాగించి చూసినంత కాలం, ముందుగా కోతపడేది విశ్రాంతి రోజే. ఉత్తరాఖండ్ ఆరోగ్య శాఖ సూచనల్లోనే యాత్రకు కనీసం ఏడు రోజులు పెట్టుకోమని, శరీరం అలవాటుపడే సమయం ఇవ్వమని ఉంది. కేదార్, బదరీ రెండింటినీ ఢిల్లీ నుంచి ఢిల్లీకి నాలుగైదు రోజుల్లో ముగించే ప్యాకేజీలు మాత్రం బాగానే అమ్ముడవుతున్నాయి.

వయసు పరిమితి ఉన్నచోట, లేనిచోట

అమర్‌నాథ్ యాత్రకు 70 ఏళ్లు దాటినవారిని అనుమతించరు. నిర్ణీత నమూనాలో ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. విదేశాంగ శాఖ నిర్వహించే కైలాస మానససరోవర యాత్రకూ 70 ఏళ్లే పరిమితి, దానికి తోడు బీఎంఐ 25 మించకూడదు, ఢిల్లీలో వైద్య పరీక్షలు చేస్తారు. అయిదేళ్ల విరామం తర్వాత 2025లో ఆ యాత్ర మళ్లీ మొదలైంది. చార్‌ధామ్‌కు మాత్రం గరిష్ఠ వయసు లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు, దారిలో ఆరోగ్య పరీక్షా కేంద్రాలు పెట్టారు, 50 దాటినవారిని ప్రత్యేకంగా చూస్తున్నారు. ఇవి మంచి మార్పులే. 2022 సీజన్‌లో 200 మందికి పైగా యాత్రికులు చనిపోయాక, అందులో ఎక్కువ మరణాలు గుండె సంబంధమైనవని తేలాక వీటికి ఊపు వచ్చింది. అయినా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, డబ్బంతా కట్టేసి, గౌరీకుండ్ దాకా వచ్చిన మనిషిని ‘మీ బీపీ ఎక్కువగా ఉంది, వెనక్కి వెళ్లండి’ అంటే ఎంతమంది వెళ్తారు? వెళ్లమన్నా వాళ్లను ఎవరు తీసుకెళ్తారు? మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం.

టూర్ కంపెనీల సంగతి చూస్తే, కేంద్ర పర్యాటక శాఖ టూర్ ఆపరేటర్లకు ఇచ్చే గుర్తింపు స్వచ్ఛందమైనది. తీసుకోవాలనుకున్నవారు దరఖాస్తు చేసుకుంటారు. గుర్తింపు ఉన్న కంపెనీ అంటే కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. కానీ పెద్దవాళ్లను తీసుకెళ్తున్నప్పుడు ఎంతమందికి ఒక సహాయకుడు ఉండాలి, ప్రథమ చికిత్స తెలిసినవారు ఉండాలా అనేది యాత్రికుడు అడిగి తెలుసుకోవాల్సిందే. అంటే ఎంపిక మొత్తం కుటుంబం మీదే పడుతోంది. బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకు ఫోన్లో ప్యాకేజీ బుక్ చేస్తాడు. యాత్రకు వెళ్లేది మాత్రం మోకాళ్ల నొప్పులున్న తల్లి, స్టెంట్ ఉన్న తండ్రి.

హెలికాప్టర్ ఉంటే సరిపోతుందా?

‘అమ్మానాన్న నడవలేరు కదా, హెలికాప్టర్ ప్యాకేజీ తీసుకున్నాం’ అని చాలామంది ధైర్యంగా చెబుతారు. హెలికాప్టర్ కాళ్ల శ్రమ తగ్గిస్తుంది. ఊపిరితిత్తుల శ్రమ తగ్గించదు. నిజానికి నడిచి వెళ్లేవాడికి దారిలో కొన్ని గంటలైనా దొరుకుతాయి. హెలికాప్టర్లో వెళ్లేవారు నిమిషాల్లో 2,000 మీటర్లు పైకి చేరతారు. పొద్దున వెళ్లి, దర్శనం చేసుకుని, గంట రెండు గంటల్లో కిందికి వచ్చేస్తే చాలామందికి సమస్య రాదు, ఎత్తు జబ్బు లక్షణాలు బయటపడటానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది కాబట్టి. చిక్కు వచ్చేది వాతావరణం చెడినప్పుడు. మబ్బు కమ్మితే హెలికాప్టర్ తిరగదు. అప్పుడు ఆ రాత్రి 3,583 మీటర్ల ఎత్తులో, చలిలో, చేతి సంచితో మాత్రమే ఉండిపోవాలి. మందుల డబ్బా గుప్తకాశి హోటల్లో సూట్‌కేసులో ఉంటుంది. ఇన్సులిన్, గుండె మాత్రలు, ఇన్‌హేలర్ కూడా అక్కడే.

కంపెనీని కచ్చితంగా అడగండి. తిరుగు ప్రయాణం రద్దయితే పైన గది ఎవరు చూస్తారు? మీ మనిషి పైన ఉంటాడా, కిందే ఉండిపోతాడా? ఇక భద్రత విషయం. 2025 మే 8న ఉత్తరకాశీ జిల్లాలో గంగోత్రి వైపు వెళ్తున్న హెలికాప్టర్ కూలి ఆరుగురు, జూన్ 15న గౌరీకుండ్ సమీపంలో మరొకటి కూలి ఏడుగురు చనిపోయారు. మొదటి ప్రమాద మృతుల్లో మన ఆంధ్రప్రదేశ్‌వాళ్లూ ఉన్నారు. వాతావరణం బాగోలేదని పైలట్ ఆగినప్పుడు ‘డబ్బు కట్టాం, ఎందుకు ఆపారు’ అని గొడవపడే కంపెనీ కన్నా, రద్దయితే డబ్బు ఎంత తిరిగి ఇస్తామో ముందే రాసిచ్చే కంపెనీ నయం. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర పోర్టల్‌లో ఇస్తారు. వాట్సాప్‌లో టికెట్లు ఇప్పిస్తామనే వాళ్లను నమ్మొద్దు.

చిన్న ఆక్సిజన్ డబ్బాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ‘మా ప్యాకేజీలో ఆక్సిజన్ ఉచితం’ అని కొన్ని కంపెనీలు చెబుతాయి. స్ప్రే డబ్బాలాంటి ఆ సీసా కొన్ని నిమిషాలకే ఖాళీ అవుతుంది. అది చికిత్స కాదు. కూర్చున్నా ఆయాసం, నురగతో దగ్గు, నడకలో తూలడం, మాట తడబడటం, అయోమయం, ఇవి కనిపిస్తే వెంటనే కిందికి దించడమే చికిత్స. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపు పెద్ద సిలిండరు ఆక్సిజన్ సాయపడుతుంది. పెద్ద వయసువారిలో అయోమయాన్ని ‘అలిసిపోయింది, పడుకోనివ్వండి’ అని వదిలేస్తారు. అది అన్నిటికన్నా ప్రమాదం. మరోపక్క పల్స్ ఆక్సిమీటర్లో 88 కనిపించగానే కంగారు పడేవాళ్లూ ఉన్నారు. ఆ ఎత్తులో ఆరోగ్యవంతులకూ 85 నుంచి 90 మధ్య రావచ్చు. అంకె ఒక్కటే కాదు, మనిషి ఎలా ఉన్నాడో చూడాలి.

ఎసిటజోలమైడ్ అనే మాత్ర కొందరికి ముందు జాగ్రత్తగా ఇస్తాం. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, సల్ఫా మందులు పడనివారికి ఆలోచించి ఇవ్వాల్సిన మందు అది. మేనేజరు బస్సులో అందరికీ పంచేది కాదు.

బాత్రూమ్, భోజనం, మోకాలి మాత్ర

హిమాలయాలకు వెళ్లేవాళ్ల సంగతి అలా ఉంచితే, మన ఊళ్ల నుంచి ఎక్కువమంది వెళ్లేది కాశీ, గయ, పూరి, అయోధ్య, రామేశ్వరం. ఇక్కడ ఎత్తు సమస్య లేదు. తిరిగొచ్చాక మా వార్డుల్లో చేరేవాళ్లను చూస్తే మాత్రం, ఎక్కువ జబ్బులు బస్సు నడిచిన పద్ధతిలోంచే వచ్చినవి.

బాత్రూమ్ దగ్గరే మొదలుపెడదాం. బస్సు ఎప్పుడు ఆగుతుందో తెలియదు, ఆగినచోట శుభ్రంగా ఉండదు. అందుకని ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. బీపీకో గుండెకో వాడే నీటి మాత్రను కూడా ‘ప్రయాణంలో వద్దులే’ అని ఆపేస్తారు. నీళ్లు మానినవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షను, నీరసం. నీటి మాత్ర మానిన గుండె రోగికి మూడో రోజుకు కాళ్ల వాపు, ఆయాసం. ఇక సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి. బస్సులో ఎవరో ఒకరి దగ్గర నొప్పి మాత్ర ఉంటుంది, అది పంచుకుంటారు. ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు వాడుతున్నవాళ్లు, నీటి మాత్ర కూడా వేసుకుంటూ, పైన డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర రోజుకు రెండు చొప్పున వారం రోజులు మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. యాత్ర నుంచి వచ్చాక ‘మూత్రం సరిగ్గా రావడం లేదు, వాంతులు’ అని చేరే వృద్ధుల్లో ఈ కథ మాకు కొత్తేమీ కాదు. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు.

అందుకే కంపెనీని అడగాల్సిన రెండో ప్రశ్న, రోజుకు బస్సు ఎన్ని గంటలు నడుస్తుంది, ఎన్ని గంటలకోసారి ఆగుతుంది? నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పరిశోధన చెప్పింది. మామూలు మనిషికి ఆ ముప్పు మొదటే చాలా తక్కువ కాబట్టి భయపడక్కర్లేదు. తుంటి ఆపరేషన్ అయినవారికి, క్యాన్సర్ ఉన్నవారికి, గతంలో గడ్డ వచ్చినవారికి తేడా ఉంటుంది. రెండు గంటలకోసారి పది నిమిషాలు ఆపే బస్సు ఈ మూడు సమస్యలకూ, అంటే మూత్రానికీ, మోకాళ్లకూ, రక్తం గడ్డలకూ, ఒకేసారి మందు.

రాత్రంతా నడిచి, పొద్దున్నే దర్శనం చేయించి, హోటల్ ఖర్చు మిగుల్చుకునే బస్సులను నేనైతే వద్దంటాను. నిద్రలేని డ్రైవరు ఒక కారణం. 2025 డిసెంబరులో చిత్తూరు జిల్లా నుంచి బయల్దేరిన యాత్రికుల బస్సు అల్లూరి సీతారామరాజు జిల్లా ఘాట్ రోడ్డులో తెల్లవారుజామున లోయలో పడింది. అంతకు నెల ముందు మదీనా దగ్గర రాత్రివేళ జరిగిన బస్సు ప్రమాదంలో 40 మందికి పైగా ఉమ్రా యాత్రికులు, ఎక్కువగా హైదరాబాదీలు, చనిపోయారు. ఏ ప్రమాదానికైనా కారణాలు దర్యాప్తులోనే తేలాలి. ఘాట్‌లో రాత్రి ప్రయాణం ఉందా లేదా అని మాత్రం మనం డబ్బు కట్టకముందే అడగొచ్చు.

భోజనం దగ్గర తెలుగు కంపెనీలకు నిజంగానే ఒక బలం ఉంది. పప్పన్నం, చారు, మజ్జిగ దొరికితే పెద్దవాళ్లు తింటారు, కడుపు పాడుకాదు. అడగాల్సింది మాత్రం ఆవకాయ ఉంటుందా అని కాదు, ఎన్ని గంటలకు పెడతారు అని. పొద్దున నాలుగున్నరకు కాఫీ, దర్శనం లైను, మధ్యాహ్నం మూడింటికి భోజనం. ఇది యాత్రల్లో మామూలే. గ్లిమిపిరైడ్ మాత్రో ఇన్సులినో ఇంట్లో వేసుకున్నట్టే పొద్దున ఏడింటికి వేసుకున్న పెద్దాయనకు పదకొండింటికి క్యూలో చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోతాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎండదెబ్బ అనుకుంటారు. అది షుగర్ పడిపోవడం. జేబులో చక్కెర, గ్లూకోజు పొట్లం ఉండాలి. యాత్రకు వెళ్లేముందు ఆ రోజుల్లో మందు ఎంత, ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు దగ్గర రాయించుకోవాలి.

రైలు యాత్రలు పెద్దవాళ్లకు బస్సు కన్నా సుఖం. పడుకోవచ్చు, బాత్రూమ్ పెట్టెలోనే ఉంటుంది, భోజనం వేళకు వస్తుంది. సికింద్రాబాద్ నుంచి 2023 మార్చిలో పూరి–కాశీ–అయోధ్యలకు మొదలైన ఐఆర్‌సీటీసీ భారత్ గౌరవ్ రైళ్లకు ఇంత ఆదరణ రావడానికి కారణం అదే. ఒక లెక్క మాత్రం గుర్తుపెట్టుకోండి. స్లీపరు, థర్డ్ ఏసీ పెట్టెల్లో ఎనిమిది మందికి సైడ్ లోయర్‌తో కలిపి మూడే కింది బెర్తులు. రైలంతా అరవై దాటినవాళ్లే అయితే అందరికీ కింది బెర్తు రాదు. మోకాలి మార్పిడి అయినవారు డబ్బు కట్టేముందే ఈ సంగతి తేల్చుకోవాలి. సెకండ్ ఏసీలో నయం, ఆరుగురికి మూడు ఉంటాయి.

పెద్ద కంపెనీయా, మన ఊరి కంపెనీయా?

ఇది నన్ను చాలామంది అడుగుతారు. పెద్ద కంపెనీకి కస్టమర్ కేర్ ఉంటుంది, రద్దు నియమాలు అచ్చులో ఉంటాయి. కానీ హరిద్వార్ దాటాక బస్సు, గది, గైడు అన్నీ అక్కడి స్థానిక కాంట్రాక్టరువే కావచ్చు. మన భాష తెలిసినవాడు అక్కడ ఒక్కడూ లేకపోవచ్చు. మన ఊరి ఆపరేటరుకు ఆఫీసు కూడా సరిగ్గా ఉండదు. కానీ ఆయనే స్వయంగా బస్సు ఎక్కుతాడు, ఏ పెద్దమ్మకు షుగరో, ఎవరికి చెవుడో పేర్లతో సహా గుర్తుంటుంది. అత్యవసరంలో చేతిలో డబ్బు తక్కువ. నేను ఏది ఎంచుకుంటానంటే, వెంట ఇద్దరు మనుషులు వచ్చే కంపెనీని. ఒకడు బస్సుతో వెళ్లిపోతే ఇంకొకడు రోగితో ఆగగలడు. పెద్దదా చిన్నదా అన్నది ఆ తర్వాతే.

ఇంకో పరీక్ష కూడా పెట్టొచ్చు. ‘గుప్తకాశిలో రాత్రి గుండె నొప్పి వస్తే ఎక్కడికి తీసుకెళ్తారు?’ అని అడగండి. దారి తెలిసినవాడు శ్రీనగర్ గఢ్వాల్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉందని, పెద్ద వైద్యానికి రిషికేశ్ ఎయిమ్స్‌కు వెళ్లాలని, అది రోడ్డు మీద ఆరేడు గంటలని, 108 అక్కడా పనిచేస్తుందని చెబుతాడు. ‘ఢిల్లీ తీసుకెళ్తాం’ అన్నవాడు ఆ దారిలో ఎప్పుడూ ఇరుక్కోలేదన్నమాట.

డబ్బు విషయం క్లుప్తంగా. జీఎస్టీ నంబరు ఉన్న రసీదు, కంపెనీ పేరు మీద ఉన్న ఖాతా, రద్దు చేసుకుంటే ఎంత వస్తుందో రాతపూర్వకంగా. ‘ఆరోగ్య కారణాలతో డాక్టరు వద్దంటే’ అన్న సందర్భం అందులో ప్రత్యేకంగా ఉండాలి. లేకపోతే డబ్బు పోతుందన్న బాధతోనే జ్వరంతో ఉన్నవాళ్లు బయల్దేరతారు. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

బీమా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఫారంలో ‘ఏమైనా జబ్బులున్నాయా’ అన్నచోట ‘లేవు’ అని రాసే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. నిజం రాస్తే కంపెనీ వద్దంటుందని భయం. ‘పిల్లలకు చెప్పకండి సార్, యాత్ర మాన్పిస్తారు’ అని నా దగ్గర బతిమాలేవాళ్లూ ఉన్నారు. జబ్బు దాస్తే మొదట దెబ్బతినేది బీమా క్లెయిము. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం ఇచ్చేలా 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించారు. ఆ వయ వందన కార్డును బయల్దేరకముందే తీసుకుని ఉంచుకోవాలి. అది పథకంలో చేరిన ఆసుపత్రుల్లో, చేరి చికిత్స తీసుకున్నప్పుడే పనికొస్తుంది. కొండ మీద నుంచి కిందికి దించే ఖర్చు, ఇంటికి తెచ్చే అంబులెన్సు ఖర్చు అందులో రావు. ప్రయాణ బీమా తీసుకుంటే ఆ రెండూ ఉన్నాయా, పాత జబ్బుల వల్ల వచ్చే అత్యవసరాన్ని ఒప్పుకుంటారా అన్నదే చూడండి. సామాను పోతే ఎంతిస్తారన్నది తర్వాత.

ఎవరు ఆగాలి, ఎవరు వెళ్లొచ్చు?

గత ఆరు నెలల్లో గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ లేదా బైపాస్ అయినవారు, ఇటీవల పక్షవాతం వచ్చినవారు, గుండె బలహీనపడి ఆయాసంతో ఉన్నవారు, ఊపిరితిత్తుల జబ్బుతో ఇంట్లో ఆక్సిజన్ వాడేవారు, రక్తం బాగా తక్కువగా ఉన్నవారు ఎత్తైన క్షేత్రాలకు ఈ ఏడాది వెళ్లొద్దు. ఇక మన పల్లెల్లో ముప్ఫై నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లు ఎంతోమంది ఉన్నారు. బీడీ తాగకపోయినా వాళ్ల ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటాయి, పరీక్ష ఎప్పుడూ చేయించుకోరు. ‘కాస్త ఆయాసం ఎప్పుడూ ఉండేదే బాబూ’ అంటారు. వాళ్లకు కేదార్‌నాథ్ ముందు ఒకసారి ఊపిరితిత్తుల పరీక్ష తప్పనిసరి.

బీపీ, షుగర్ అదుపులో ఉండి, రెండంతస్తుల మెట్లు ఛాతీ నొప్పి, ఆగిపోయేంత ఆయాసం లేకుండా ఎక్కగలిగితే, డెబ్బై దాటినా చాలా యాత్రలు చేయొచ్చు. నెల పదిహేను రోజుల ముందు నుంచే రోజూ అరగంట నడక మొదలుపెట్టాలి. చార్‌ధామ్ తలుపులు తెరిచిన మొదటి రెండు మూడు వారాల తొక్కిసలాటలోకి పెద్దవాళ్లను పంపొద్దు. జులై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగిపడతాయి. 2024 జులై 31 రాత్రి వానలకు కేదార్‌నాథ్ దారి తెగి వేలమందిని తరలించాల్సి వచ్చింది. సెప్టెంబరు చివర నుంచి చలి ఉన్నా రద్దీ తగ్గుతుంది. ఆ తేదీలకు ప్యాకేజీ లేదా అని అడగండి.

ఇక ఫిట్‌నెస్ సర్టిఫికెట్. అది కంపెనీకి రక్షణ కాగితం. మీకు రక్షణ కావాలంటే డబ్బు కట్టకముందే, కనీసం నెల ముందు, రోజువారీ కార్యక్రమం కాగితం పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి రండి. రెండు నిమిషాల సంతకం కన్నా పది నిమిషాల మాట మేలు. అప్పుడే ఇంకో కాగితం కూడా రాయించుకోండి. మీకున్న జబ్బులు, చేసిన ఆపరేషన్లు, పడని మందులు, వాడే మాత్రల అసలు పేర్లు, డోసు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు. ఇంగ్లిషులోనో హిందీలోనో ఉండాలి, గుప్తకాశి డాక్టరు తెలుగు చదవలేడు. కంపెనీ పేర్లు కూడా రాయొద్దు, ఇక్కడ దొరికే బ్రాండు అక్కడ దొరకదు. ఆ కాగితం ఒకటి జేబులో, ఒకటి మేనేజరు దగ్గర, ఇంకోటి పక్క సీటులో కూర్చునేవారి దగ్గర ఉంచండి. మందులు మాత్రం పెట్టెలో కాకుండా చేతి సంచిలో, యాత్ర రోజుల కన్నా అయిదు రోజులకు ఎక్కువగా.